పళ్ళ చక్రమును ఎన్నుకొనుట ఎట్లు?

గ్రామ పంచాయతీ సభ్యునకు ఇనుప చక్రముల పళ్ళు లెక్కించు పని యేల యని కొందరు ప్రశ్నింపవచ్చును. బాటలు, మురుగు కాలువలు, వీధి దీపములు, మంచినీరు పంచాయతీ బాధ్యతలని అందరును ఎరుగుదురు. కాని నేడు పంచాయతీల చేతిలో ట్రాక్టర్లు కలవు, నీటి పంపులు కలవు, చెత్తను వేరుచేసి ఎరువుగా మార్చు షెడ్లు కలవు. యంత్రమున్న చోట అరుగుదలయు విరుగుడుయు తప్పవు. విరిగిన భాగమును ఒకరు తెత్తురు, మరొకరు బిగింతురు, బిల్లు మాత్రము పంచాయతీ యెదుటికి వచ్చును. ఆ బిల్లును ఆమోదించువారు తాము కొన్నది యేమో ఎరిగి యుండుట ప్రజాధనమునకు రక్షణ.

ఆదిలాబాదు జిల్లా బోథ్ మండలములోని ఒక గ్రామమునకు మేము పోయినపుడు, అచ్చటి కంపోస్టు షెడ్డులో ఒక జల్లెడ డ్రమ్ము మూలబడి యుండుట చూచితిమి. మాగిన ఎరువు నుండి రాళ్ళను, పుల్లలను, ప్లాస్టిక్ ముక్కలను వేరుచేయుటకై దానిని వెల్డింగు దుకాణములో ప్రత్యేకముగా చేయించిరి. కొన్ని నెలలు చక్కగా పనిచేసినది. ఒకనాడు లోపల రాయి ఇరుకుకొనగా, చిన్న చక్రపు పన్ను ఒకటి విరిగెను. బాగుచేయ వచ్చినవాడు పాత ఇనుప సామానులో వెదకి, అన్నియే పళ్ళు గల మరొక చక్రమును తెచ్చెను. అది సరిగా ఇమడకపోగా గేరుపెట్టెను రెండు మిల్లీమీటర్లు వెనుకకు జరిపి బిగించెను. డ్రమ్ము తిరిగినది గాని పెద్ద మ్రోత బయలుదేరెను. కొద్ది వారములలో తెచ్చిన చక్రమే గాక, అంతవరకు చెడని పెద్ద చక్రము కూడ పాడయ్యెను. షెడ్డులో పనిచేయు స్త్రీలు మరల చేతి జల్లెడలు పట్టిరి.

“పండ్లు లెక్కవెట్టే తెచ్చినం గద సారూ, ఇంకేం జూడాలె?” అని ఒక వార్డు సభ్యుడు మమ్ము అడిగెను. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ పాఠము.

స్పర్ గేరు అనగానేమి?

చక్రపు అంచున, షాఫ్టునకు సమాంతరముగా, తిన్నని పళ్ళు కోయబడిన యెడల దానిని స్పర్ గేరు అందురు. పళ్ళ చక్రములలో ఇది మిక్కిలి సరళమైనది. చెరకు గానుగ రోలర్ల చివర ఒకదానితో నొకటి కలిసి తిరుగు చక్రములు ఈ జాతివే. జంటలో చిన్న చక్రమునకు పినియను అని పేరు.

పినియనుకు 18 పళ్ళును, పెద్ద చక్రమునకు 54 పళ్ళును ఉన్నవనుకొందము. పినియను మూడుమార్లు తిరిగినపుడు పెద్ద చక్రము ఒక్కమారు తిరుగును. వేగము మూడవ వంతగును. రాపిడికి పోవు కొద్దిపాటి శక్తిని విడిచినచో, తిప్పు బలము మూడింతలగును. వేగముగా తిరుగు మోటారుతో బరువైన డ్రమ్మును మెల్లగా తిప్పవలసినపుడు మనకు కావలసినది ఇదియే. పళ్ళ సంఖ్య ఈ నిష్పత్తిని మాత్రమే తెలుపును. రెండు చక్రములు ఒకదానితో నొకటి కలియునా కలియవా యన్నది వేరొక కొలత వలన తెలియును.

మాడ్యూలు: పంటి పరిమాణపు కొలత

ఆ కొలతకు మాడ్యూలు అని పేరు. రెండు చక్రములకు పళ్ళు లేవనియు, నున్నని అంచులతో ఒకదానినొకటి ఒరసికొని తిరుగుచున్నవనియు ఊహింపుడు. ఆ ఊహాచక్రపు వ్యాసమును మిల్లీమీటర్లలో తీసికొని పళ్ళ సంఖ్యచే భాగించినచో వచ్చునది మాడ్యూలు. 18 పళ్ళ చక్రపు ఊహావ్యాసము 72 మి.మీ. అయినచో మాడ్యూలు 4. మాడ్యూలు పెద్దదైనకొలది పన్ను పెద్దదగును. పంటి ఎత్తు మాడ్యూలునకు రెండుంబాతిక రెట్లుండును గావున, ఇచ్చట 9 మి.మీ. ఉండును.

ఊహాచక్రమును చేతితో కొలువలేము గదా యని మీరు అడుగవచ్చును. అందుకు సులువైన మార్గము కలదు. పళ్ళ కొనల మీదుగా చక్రపు బయటి వ్యాసమును వెర్నియర్ కాలిపర్‌తో కొలువుడు. పళ్ళ సంఖ్యకు 2 కలుపుడు. వ్యాసమును ఆ మొత్తముచే భాగింపుడు. 18 పళ్ళ చక్రము బయటి వ్యాసము 80 మి.మీ. ఉన్నచో, 80ని 20చే భాగింపగా 4 వచ్చును. ఎక్కువగా వాడబడు మాడ్యూళ్ళు 1, 1.25, 1.5, 2, 2.5, 3, 4, 5, 6, 8, 10. మీ లెక్కలో వచ్చిన సంఖ్య వీనిలో ఒకదానికి సరిపోయినచో అది మెట్రిక్ చక్రమగుటకు అవకాశము హెచ్చు. కలిసి తిరుగవలసిన రెండు చక్రములకు మాడ్యూలు ఒక్కటిగానే ఉండవలెను. ఇందుకు మినహాయింపు లేదు.

అంగుళపు చక్రము తెచ్చిపెట్టు చిక్కు

1957 ఏప్రిల్ 1న మన దేశమున నయా పైసలు వచ్చినవి. 1956లో చేయబడిన తూనికలు కొలతల చట్టము ననుసరించి 1958 అక్టోబరు నుండి సేర్లు, మణుగుల స్థానమున కిలోగ్రాములు ప్రవేశించినవి. అంగడిలో పాత తూకపురాళ్ళు మాయమైనవి గాని, పాత యంత్రములలోని అంగుళపు చక్రములు మాయము కాలేదు. విదేశీ యంత్రముల నుండియు, వాని నమూనాపై చేసిన వాని నుండియు ఊడదీసినవి పాత ఇనుప దుకాణములలో నేటికిని దొరకుచున్నవి.

అంగుళపు పద్ధతిలో పంటి కొలతకు డయామెట్రల్ పిచ్, క్లుప్తముగా డి.పి., అని పేరు. ఊహాచక్రపు వ్యాసములో ఒక్కొక్క అంగుళమునకు ఎన్ని పళ్ళు వచ్చునో అది చెప్పును. ఒక అంగుళము 25.4 మి.మీ. కనుక 25.4ను డి.పి.చే భాగించినచో దానికి సమానమైన మాడ్యూలు వచ్చును. 6 డి.పి. అనగా 4.23, 8 డి.పి. అనగా 3.175, 10 డి.పి. అనగా 2.54. ఇవి 4, 3, 2.5 మాడ్యూళ్ళకు ఎంత దగ్గరగా నున్నవో చూడుడు. మోసపోవుటకు కారణము ఈ దగ్గరతనమే.

బోథ్ మండలమున మేము చూచిన చక్రమును కొలిచితిమి. పళ్ళు 18. బయటి వ్యాసము 84.7 మి.మీ. దానిని 20చే భాగింపగా 4.23 వచ్చినది. అది 6 డి.పి. చక్రము. డ్రమ్ముపై నున్న పెద్ద చక్రము 4 మాడ్యూలుది. 4 మాడ్యూలులో ఒక పంటి నుండి మరుపంటికి ఊహాచక్రము వెంబడి దూరము 12.57 మి.మీ.; 6 డి.పి.లో 13.30 మి.మీ. ఒక్కొక్క పంటికి దాదాపు ముప్పాతిక మిల్లీమీటరు తేడా. గేరుపెట్టెను వెనుకకు జరిపినందువలన చక్రములు తిరిగినవే గాని, ప్రతి పన్నును ఎదుటి పంటిని తాకవలసిన చోట తాకక మరొకచోట కొట్టుచుండెను. ఆ మ్రోత యంత్రము చేసిన ఫిర్యాదు. దానిని ఆలకించువారు లేకపోయిరి.

పంటి కోణము, పళ్ళ కనీస సంఖ్య

మాడ్యూలు సరిపోయిన పిదప పంటి ఒత్తిడి కోణమును చూడవలెను. నేటి మెట్రిక్ చక్రములు సాధారణముగా 20 డిగ్రీల కోణముతో చేయబడుచున్నవి. పాతవి కొన్ని పదునాలుగున్నర డిగ్రీలవి. వాని పళ్ళ ప్రక్కలు తిన్నగా, మొదలు సన్నముగా ఉండును. ఈ రెండింటిని జతచేయరాదు. ఆర్డరులో “20 డిగ్రీలు” అని స్పష్టముగా వ్రాయుట మేలు.

20 డిగ్రీల కోణమున పళ్ళ సంఖ్య 17కు తగ్గినచో, పళ్ళు కోయునపుడు కత్తి పంటి మొదలును లోపలికి తొలిచివేయును. అట్టి పన్ను బలహీనము. దిద్దుబాటుతో చేయు విధానము కలదు గాని, పల్లె యంత్రములకు 18 పళ్ళకు తగ్గని పినియనును కోరుట క్షేమము.

బలమును లెక్కించుట

ఇక డ్రమ్ము లెక్కను వేసి చూతము. ఒక అశ్వశక్తి మోటారు నిమిషమునకు 1440 మార్లు తిరుగుననుకొనుడు. గేరుపెట్టె ఆ వేగమును ఇరువదవ వంతునకు తగ్గించి 72 చేయును. 18, 54 పళ్ళ జంట దానిని 24 చేయును. డ్రమ్ముకు ఆ వేగము చాలును.

రాపిడి నష్టములను విడిచి, మోటారు శక్తి అంతయు పినియనుకు చేరుచున్నదనుకొందము. 4 మాడ్యూలు పినియను పంటిపై పడు బలము సుమారు 280 కిలోల బరువుతో సమానము. అనగా దాదాపు మూడు క్వింటాళ్ళ పత్తిని ఒక్క పంటిపై మోపినట్లు. చౌకగా వచ్చునని 3 మాడ్యూలు తీసికొన్నచో చక్రము చిన్నదై, అదే పనికి పంటిపై 370 కిలోలకు పైగా పడును. చక్రము చిన్నదైనకొలది బలము తగ్గదు, పెరుగును. చాలమంది దీనికి విరుద్ధముగా భావింతురు.

పన్ను చిన్నదగుట వలన దానిని మోయు లోహము కూడ తగ్గును. చక్రపు వెడల్పు మాడ్యూలునకు పది రెట్లుండుట వాడుక. కనుక 4 మాడ్యూలుకు 40 మి.మీ., 3 మాడ్యూలుకు 30 మి.మీ. 1892లో విల్ఫ్రెడ్ లూయిస్ అను అమెరికను ఇంజనీరు చూపిన పద్ధతి ననుసరించి లెక్కించినచో, పంటి మొదట పడు ఒత్తిడి 4 మాడ్యూలున చదరపు మిల్లీమీటరునకు 6 కిలోల లోపు. 3 మాడ్యూలున 13 కిలోలకు పైన. రాళ్ళు ఇరుకుకొనుట వంటి అదరుపాటులకై ఈ అంకెలను రెట్టింపుగా భావింపవలెను. అపుడు మొదటిది 11, రెండవది 27 అగును. మొదటి దానిని మధ్యమ కర్బనపు ఉక్కు సులువుగా భరించును. రెండవదానిలో పన్ను మాటిమాటికి వంగి, అలసి, మొదట పగులుటకు అవకాశము కలదు. కొనుగోలులో మిగిలిన కొద్ది రూపాయలు ఒక్క పన్ను విరిగిన దినముననే పోవును.

ఏ లోహము కావలెను?

మొదట విరిగిన పినియను పోత ఇనుముది. పోత ఇనుము అరుగుదలను కొంత ఓర్చును గాని అదరుపాటును ఓర్వదు, పుటుక్కున విరుగును. సాధారణపు మెత్తని ఉక్కు విరుగదు గాని త్వరగా అరుగును. మన డ్రమ్ము వంటి వానికి ఇ.ఎన్.8 అని వ్యవహరింపబడు ఉక్కు తగినది. అందు కర్బనము సుమారు 0.4 శాతముండును. దానిని కాచి చల్లార్చి గట్టిపరుపవచ్చును. పెద్ద చక్రము ఒకమారు తిరుగులోపల పినియను పన్ను మూడుమార్లు పనిచేయును గావున పినియనును కొంచెము గట్టిగా చేయించవలెను. విరిగిన పంటి స్థానమున వెల్డింగుతో లోహమును పోసి, ఆకురాయితో రాచి పన్ను చేయుట కొన్నిచోట్ల కలదు. అట్టి పంటికి సరియైన రూపము రాదు. వేడి తగిలినచోట ఉక్కు పెళుసగును. ఒకటి రెండు దినములు పని గడుపుటకు తప్ప అది మరమ్మతు కాదు.

షాఫ్టు రంధ్రము, కీ గాడి

చక్రమును షాఫ్టునకు బిగించు కీ కొరకు రంధ్రములో గాడి కోయుదురు. 35 మి.మీ. షాఫ్టునకు 10 మి.మీ. వెడల్పు గల కీ వాడుక. చక్రమున గాడి లోతు 3 మి.మీ.కు కొంచెము పైగా ఉండును. గాడి అడుగునకును పంటి మొదలునకును నడుమ మాడ్యూలునకు రెండింతల లోహమైనను మిగులవలెను. 18 పళ్ళ 4 మాడ్యూలు పినియనులో 10 మి.మీ. మిగులును, కావలసినది 8 మాత్రమే. 3 మాడ్యూలు పినియనులో రెండున్నర మి.మీ. కూడ మిగులదు, అది గాడి వద్దనే చీలును. ఈ యొక్క పరీక్షతోనే చౌక చక్రము పనికిరాదని తేలిపోవుచున్నది.

బిగింపునందు జాగ్రత్త

రెండు షాఫ్టుల నడుమ దూరము రెండు చక్రముల పళ్ళ మొత్తమును మాడ్యూలుచే హెచ్చించి, సగము చేసినంత ఉండవలెను. 18, 54 కలిపి 72; 4చే హెచ్చింపగా 288; అందు సగము 144 మి.మీ. ఈ దూరమున చక్రములను బిగింపవలెను గాని, తెచ్చిన చక్రమునకై దూరమును మార్చరాదు. పళ్ళ నడుమ ఒకటి రెండు కాగితముల మందము ఖాళీ యుండవలెను. బిగుతు మితిమీరినచో బేరింగులు చెడును. షాఫ్టులు సమాంతరముగా నున్నవో లేవో తెలియుటకు పళ్ళకు పలుచగా రంగు పూసి చేతితో త్రిప్పుడు. రంగు గుర్తు పంటి వెడల్పంతయు కనబడవలెను. ఒక్క చివరనే కనబడినచో బిగింపు వంకరగా నున్నదని యర్థము. ఎరువు దుమ్ము గ్రీజుతో కలిసి ఆకురాయి వలె పళ్ళను అరుగదీయును కనుక, పాత గ్రీజును తుడిచిన తరువాతనే కొత్తది వేయవలెను.

మూత లేని చక్రము శత్రువు

పళ్ళు కలియుచోటు తనకు చిక్కినదానిని లోపలికి లాగికొనును. చీర కొంగైనను, కండువా యైనను, వ్రేలైనను దానికి భేదము లేదు. 280 కిలోల బలముతో తిరుగు చక్రము మనిషి కేకకు నిలువదు. నూర్పిడి యంత్రములలో చేతులు పోగొట్టుకొనిన వ్యవసాయ కూలీల దుస్థితి వలననే 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రముల చట్టమును చేసినది. తిరుగుచున్న యంత్రభాగములకు గట్టి కంచె యుండవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము నియమించినది. పంచాయతీ షెడ్డు ఫ్యాక్టరీ కాకపోవచ్చును. వ్రేళ్ళు మాత్రము అన్నిచోట్ల ఒక్కటే. గేరు జంటను పూర్తిగా కప్పు రేకు మూత లేనిదే ఏ యంత్రమునకును బిల్లు చెల్లింపరాదు. మూత తీయుటకు పానా కావలసినట్లు బిగింపవలెను. మోటారు ఆపు మీట పనివారి చేతికి అందవలెను. తిరుగుచుండగా గ్రీజు వేయుట ఎవరికిని తగదు.

ఆర్డరు పత్రమున ఏమి వ్రాయవలెను?

బోథ్ నుండి ఆదిలాబాదునకైనను, నిర్మల్‌నకైనను, దూరమైనను హైదరాబాదునకైనను చక్రము కొరకు పోవువారి చేతికి “పాతదాని వంటిది ఒకటి” అని చెప్పి పంపక, ఈ అంశములను కాగితముపై వ్రాసి యిండు:

1. స్పర్ గేరు, మెట్రిక్, మాడ్యూలు 4, కోణము 20 డిగ్రీలు.
2. పళ్ళు: పినియను 18, పెద్ద చక్రము 54.
3. వెడల్పు 40 మి.మీ.
4. ఉక్కు: ఇ.ఎన్.8, పినియను పళ్ళు గట్టిపరచినవి.
5. పినియను రంధ్రము 35 మి.మీ., కీ 10 మి.మీ.; పెద్ద చక్రపు రంధ్రము డ్రమ్ము షాఫ్టును కొలిచి వ్రాయవలెను.
6. షాఫ్టుల నడుమ దూరము 144 మి.మీ.
7. పూర్తి రేకు మూత.

ఈ అంకెలు మన ఉదాహరణకు చెందినవి. మీ యంత్రమునకు మీ కొలతలు వ్రాయవలెను. మోటారు పెద్దదైనను, పని కఠినమైనను, మండల పంచాయతీరాజ్ ఇంజనీరును సంప్రదింపుడు. ఇట్టి పత్రముపై ముగ్గురిని ధర అడిగినచో ముగ్గురును ఒకే వస్తువునకు ధర చెప్పుదురు. పత్రము లేనిచో ముగ్గురు మూడు వస్తువులకు ధర చెప్పుదురు. అందు తక్కువ ధరను ఎన్నుకొనుట పొదుపు కాదు. సరకు వచ్చిన దినమున కార్యదర్శి సమక్షమున కొలిచి, పత్రముతో సరిచూచి, ఆ పత్రమును యంత్రపు దస్త్రములో భద్రపరుపవలెను. పది సంవత్సరముల పిదప వచ్చు సభ్యులకు అది ఆస్తి.

అభ్యాసము

మీ యెదుట రెండు పాత చక్రములున్నవి. మొదటిది 42 పళ్ళు, బయటి వ్యాసము 132 మి.మీ. రెండవది 30 పళ్ళు, బయటి వ్యాసము 81.3 మి.మీ. 2.5 మాడ్యూలు చక్రము కావలసినచోట వీనిలో దేనిని వాడవచ్చును? మొదటి దానికి 132ను 44చే భాగింపగా 3 వచ్చును. రెండవ దానికి 81.3ను 32చే భాగింపగా 2.54 వచ్చును, అది 10 డి.పి. అంగుళపు చక్రము. కాబట్టి రెండును పనికిరావు. రెండవదానిని చూచి “ఇంచుమించు సరిపోయినది” అన్నవారు ఈ పాఠమును మరల చదువవలెను.

మా సంచారమున కనబడిన ఆ డ్రమ్ము చెడుటకు కారణము ధనము లేకపోవుట కాదు, పనివారు లేకపోవుట కాదు. ఒక్క కొలతను అడిగినవారు లేకపోవుటయే. విత్తనము కొనునపుడు రకమును అడుగుదుము. ఎడ్లను కొనునపుడు పళ్ళు చూతుము. ఇనుప చక్రమును కొనునపుడు కూడ పళ్ళు లెక్కించుటతో ఆగక, పన్ను ఎంతటిదో కొలిచి చూతము.